ఎరువిస్తే తిరిగిరాని రోజు

పేర్లన్నీ మార్చి చెబుతున్నాను. దీవి పేరు అసలే చెప్పను. మా వైపు సముద్రంలో దీవులకు కొదవ లేదు, కావాలంటే వెతుక్కోండి. నా పేరు మాత్రం త్రినింగే. దాన్ని మార్చి లాభం లేదు, ఇక్కడి చేపలక్కూడా తెలుసు.

ఊళ్లో సగం మంది పిల్లలకు జ్ఞానతల్లిని నేను. జ్ఞానస్నానం నాడు వాళ్లు నా చేతుల్లోనే ఏడ్చారు. అందుకే వాళ్లూ, వాళ్లని చూసి వాళ్ల అమ్మలూ నన్ను ‘నినాంగ్’ అనే పిలుస్తారు. క్రిస్మస్ వచ్చిందంటే కానుకలడిగే పిల్లలకు భయపడి జ్ఞానతల్లులు మంచాల కింద దూరతారని మా దగ్గరొక ఎగతాళి. నేను దూరను. అరటాకులో బిబింకా రొట్టెలు కాల్చుకుని గుమ్మంలో కూర్చుంటాను. పిల్లలు వరసగా వచ్చి నా చెయ్యి నుదుటికి ఆనించుకుని రొట్టె పట్టుకుపోతారు.

నాది అనుమానపు బుద్ధి. ఒప్పుకుంటాను. మా ఆయన బతికున్నప్పుడు అనేవాడు: “రేపు పునీత పేతురు స్వర్గం తలుపు తీసినా, ‘ఎందుకు తీశావు, లోపల ఏం దాచావు’ అని అడుగుతావే నువ్వు!” అడుగుతాను మరి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా పెట్టడానికి వచ్చేవాణ్ణి ఎలా నమ్మమంటారు?

ఆ ఏడు అలా అడక్కుండా వచ్చింది ఫౌండేషన్ వాళ్ల పడవ. డిసెంబరు తుఫానుకి కొండమీది సెల్ టవర్ విరిగిపడింది. క్రిస్మస్ అంతా ఫోన్లు మూగవైపోయాయి. తోచక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకది బాగానే ఉంది. పండుగ అయ్యాక వీళ్లు దిగారు. ప్రతి బిడ్డకూ ఒక ఎర్రసంచి, సంచిలో నూడుల్స్, పాలడబ్బా, బిస్కెట్లు, పలకా. బాస్కెట్‌బాల్ కోర్టులో బల్లలు వేశారు, పాటలు పెట్టారు. ఊరు ఊరంతా అక్కడే.

ఇచ్చే ముందు ఒకటే షరతు. బిడ్డ ఒక ట్యాబ్ ముందు నిలబడాలి. నేరుగా చూడాలి, కుడికి తిరగాలి, ఎడమకు తిరగాలి. అది టింగుమని మోగితే సంచి చేతికొస్తుంది. ఆ ట్యాబ్ మెడలో వేలాడదీసుకున్న కుర్రాడి పేరు జెర్విన్. మనీలా నుంచి వచ్చాడు. పెద్దవాళ్లని చూస్తే వంగి మాట్లాడే రకం. అలాంటి వాళ్లంటే నాకు మరీ అనుమానం.

“బిడ్డ ముఖంతో మీకేం పని నాయనా?” అని అడిగాను.

“ఒకే బిడ్డ రెండు సంచులు తీసుకోకుండా అమ్మా.”

“మా పిల్లల్ని మేం గుర్తుపట్టలేమా? ఎవడు రెండోసారి వచ్చాడో ఇక్కడ కూర్చుని చెప్పేస్తాను. వాడి తాతకీ అదే బుద్ధి.”

నవ్వాడు. “అది ఒక్కటే కాదమ్మా. దేశంలో తప్పిపోయిన పిల్లల ఫొటోలన్నీ మా ఆఫీసులో ఉన్నాయి. ఈ ముఖాల్ని వాటితో పోల్చి చూస్తుంది. మొన్న ఒక పిల్లాణ్ణి అలాగే కనిపెట్టి వాళ్లమ్మకు అప్పగించాం. ఆవిడ నా కాళ్ల మీద పడిపోయింది.” చెబుతూంటే వాడి కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి.

“అమ్మకేనా, నాన్నకు కూడా అప్పగిస్తారా?”

“ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్లకి.”

గొంతు మామూలుగానే ఉంచుకుని, “అయితే ఇప్పుడే పోల్చేస్తోందా?” అన్నాను.

“లేదమ్మా, సిగ్నల్ లేదుగా. అన్నీ ఈ ట్యాబ్‌లోనే ఉన్నాయి. రేపు రాత్రికి మేం ఒడ్డుకు చేరి సిగ్నల్ అందగానే వాటంతట అవే వెళ్లిపోతాయి.”

నేను ఎందుకు అడిగానో చెప్పాలంటే జోవెలిన్ సంగతి చెప్పాలి. మా వెనకగదిలో ఉంటోంది, చిన్నపిల్లతో సహా. చేపల పడవలో వచ్చి దిగినప్పుడు ఎడమచెయ్యి పూర్తిగా చాపలేకపోయేది, ఇప్పటికీ చాపలేదు. విరగ్గొట్టింది మొగుడు. వాళ్లది పట్నంలో పలుకుబడి ఉన్న కుటుంబం. అతను ఫోన్ చేస్తే పోలీసు స్టేషన్ లేచి నిలబడుతుంది. పెళ్లాం మీద ప్రేమ లేదు గాని, తనది అనుకున్నది చెయ్యి జారితే ఓర్వలేని మనిషి. ‘నా పాప కనిపించడం లేదు, కన్నతండ్రి కన్నీళ్లతో ఎదురు చూస్తున్నాడు, చూసినవాళ్లు దయచేసి చెప్పండి’ అని నెట్‌లో బిడ్డ ఫొటో పెట్టాడు. ఊళ్లో వాళ్లకి జోవెలిన్ మా ఆయన వైపు చుట్టమని చెప్పాను. పిల్లకి ముత్యా అని కొత్త పేరు పెట్టుకున్నాం. ఆ పిల్లని ఆవేళ గడప దాటనివ్వలేదు. వాకిట్లో ఆడుకోనివ్వలేదు.

అయినా నేను అవతల బల్లల దగ్గరికెళ్లి తిరిగి చూసేసరికి, పక్కింటి బెబాంగ్ ముత్యా చెయ్యి పట్టుకుని వస్తోంది. పిల్ల వీపు మీద ఎర్రసంచి. సంచి పిల్లకన్నా పెద్దది.

“చూడు వదినా మన రాకుమారి!” అంది బెబాంగ్. “ఊరందరి పిల్లలకీ ఇచ్చి, పాపం దీనికేనా లేనిది? మీ వెనక కిటికీలోంచి ఒకటే చూస్తోంది. తీసుకొచ్చేశా. ఎంత ముద్దుగా తిరిగిందో, కుడికి, ఎడమకి!”

బెబాంగ్ మనసు మంచిది. మంచి మనసు, ఆగని కాళ్లు. ఆ రెండూ కలిస్తే కొంప మునగడానికి తుఫాను అక్కర్లేదు.

అంతలో జోవెలిన్ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. బిడ్డని ఎత్తుకుని, ముఖాన్ని తన మెడలో దాచుకుని, వెనక్కి పరుగు పెట్టింది. సంచి దారిలో పడిపోయింది. జెర్విన్ అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాతి బిడ్డ కుడికి తిరిగినా గమనించుకోలేదు.

ఇంటికొచ్చేసరికి జోవెలిన్ గోడకానుకుని కూర్చుంది. “పేరు మార్చాను నినాంగ్. జుట్టు కత్తిరించాను. ముఖాన్ని ఎక్కడ దాచను?”

పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. ఇప్పుడు ముఖం గడప దాటినా చాలు. చెక్కపెట్టె మీద క్యాలెండరు వేలాడుతోంది. దాని వంక చూశాను. మర్నాడు అమాయక శిశువుల పండుగ.

ఆ పండుగ గురించి మా వాళ్లకి చెప్పక్కర్లేదు. బాలయేసును చంపాలని పాలబుగ్గల పసివాళ్లందర్నీ హేరోదు రాజు నరికించిన రోజు. మామూలుగా అయితే ఏడవాల్సిన రోజు. కాని మా తాతలు ఎందుకో దాన్ని నవ్వులాటల రోజు చేసుకున్నారు. ఆ రోజు ఎవరైనా ఎవర్నైనా బోల్తా కొట్టించవచ్చు. ముఖ్యంగా వాడుకుని ఇస్తామని తీసుకునే ఎరువు. ఆ రోజు ఏ వస్తువైనా ఎరువిచ్చారా, ఇక దాని మీద ఆశ వదులుకోవలసిందే. తీసుకున్నవాడు “నిన్యోస్ ఇనోసెంటెస్!”, అంటే అమాయక శిశువులు, అని అరిస్తే, ఇచ్చినవాడు నోరు మూసుకుని వెళ్లిపోవాలి. అమాయకుడు అంటే పాపం ఎరగనివాడు, మోసమూ ఎరగనివాడు. ఒక్క మాటకే రెండు అర్థాలు. మా పినతండ్రి ఒకసారి ఆ రోజు నిచ్చెన ఎరువిచ్చి, వానాకాలమంతా కారే కప్పు కింద పడుకున్నాడు. తిరిగి అడగలేదు. అడిగితే పరువు పోతుంది.

మర్నాడు పూజకి పిల్లలందరినీ ముందు వరసల్లో కూర్చోబెట్టారు. ఫాదర్ సెల్సో మెతక మనిషి, ప్రసంగం మొదలెడితే జనం కునికిపాట్లు పడతారు. ఆవేళ మాత్రం ఒక మాట నాకు గుచ్చుకుంది.

“కత్తులు తర్వాత వచ్చాయి,” అన్నాడాయన. “ముందు హేరోదు, నక్షత్రం చూసి వచ్చిన తూర్పుదేశపు జ్ఞానుల్ని పిలిచి మర్యాదగా అడిగాడు. ఆ శిశువు ఎక్కడున్నాడో కనుక్కుని నాకు కబురు చేయండి, నేనూ వచ్చి ఆరాధిస్తాను, అన్నాడు. ఆ జ్ఞానులు చెడ్డవాళ్లు కారు. కానుకలు పట్టుకొచ్చిన మంచివాళ్లు. వాళ్లు ఏ దారిన వచ్చారో అదే దారిన హేరోదు దగ్గరికి తిరిగి వెళ్లుంటే ఏమయ్యేది?”

నేను వెనక్కి తిరిగి చూశాను. గుడి తలుపు దగ్గర జెర్విన్ నిలబడ్డాడు, మెడలో ట్యాబ్‌తో. ఊరంతటి పిల్లల ముఖాలూ వాడి రొమ్ముమీద వేలాడుతున్నాయి. వాడూ ఆ ప్రసంగమే వింటున్నాడు.

హేరోదుకి పాపం ఒక ట్యాబ్ లేకపోయింది. ఉండుంటే అంతమంది పసివాళ్లని చంపక్కర్లేకపోయేది. కావలసిన ఒక్కణ్ణీ పట్టుకుని ఊరుకునేవాడు, మిగతావాళ్లకి సంచులు పంచేవాడు. ఈ ఆలోచన రాగానే నాకే భయమేసి సిలువ గుర్తు వేసుకున్నాను.

పూజ అయ్యింది. జనం బయటికొస్తున్నారు. నేను నేరుగా వాడి దగ్గరికెళ్లాను.

“బాబూ, ఆ ట్యాబ్ ఒకసారి ఎరువియ్యి. ఫాదర్‌కి చూపించి పిల్లల ముఖాలకి దీవెన పెట్టిస్తాను.”

వాడు నా వంక చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత మెడలోంచి తీసి, పట్టీ చుట్టి, రెండు చేతులా అందించాడు. చేతికి రాగానే గొంతు చించుకుని అరిచాను.

“నిన్యోస్ ఇనోసెంటెస్!”

గుడి ముందు నవ్వుల జడివాన. బెబాంగ్ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. “అయ్యో మనీలా అబ్బాయి! ఏం తేదీయో చూసుకోలేదా నాయనా? మీ బామ్మ చెప్పలేదా?” పిల్లలు వాడి చుట్టూ తిరుగుతూ “అమాయకుడు, అమాయకుడు” అని పాట కట్టారు.

“అమ్మా, అది ఆఫీసుది,” అన్నాడు జెర్విన్. “నా ఉద్యోగం పోతుంది.”

ఊరి కెప్టెన్, అంటే మా ఊరి పెద్ద, మధ్యలో దూరాడు. “నినాంగ్, నవ్వింది చాలు, ఇచ్చెయ్యండి. పెద్దవాళ్లతో మాటొస్తుంది.”

“నీ జ్ఞానస్నానం నాడు నా బట్టలు తడిపావు, గుర్తుందా?” అన్నాను. “ఇచ్చిన ఎరువు అడగమను. అడిగిన మొదటి మొగాడు వీడే అవుతాడు ఈ దీవిలో.”

కెప్టెన్ ఫాదర్ వంక చూశాడు. ఫాదర్ ఆకాశం వంక చూశాడు. “ఆచారం నాది కాదు నాయనా, ఊరిది,” అని లోపలికెళ్లిపోయాడు. మెతక మనిషి అన్నాను గాని, ఆయన్ని నేను సరిగా అంచనా వెయ్యలేదు.

ట్యాబ్ తిన్నగా తీసుకెళ్లి చిన్నరొయ్యలు ఉప్పులో ఊరేసిన జాడీలో ముంచేశాను. పైన రాయి పెట్టాను. అది కాసేపు లోపలనుంచి వెలుగుతూ ఉండి ఆరిపోయింది. ఆ జాడీ రొయ్యలు మళ్లీ మేం తినలేదు, అదొక్కటే నాకు బాధ.

మధ్యాహ్నం జెర్విన్ మా ఇంటికొచ్చాడు. ఒక్కడే. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. వెనకగదిలో జోవెలిన్ ఊపిరి బిగబట్టుకుని ఉందని నాకు తెలుసు.

“ట్యాబ్ అడగడానికి రాలేదమ్మా,” అన్నాడు.

“మరి దేనికి? బిబింకా అయిపోయింది.”

“మా బామ్మే నన్ను పెంచింది. ఇవాళ ఏ రోజో నాకు తెలుసు.”

గుమ్మంలో ఇంకాస్త అడ్డంగా జరిగాను.

“ఎరువు అడిగితే ఏమవుతుందో తెలిసే ఇచ్చాను. నిన్న ఆ అమ్మ పాపని ఎత్తుకుని పరుగెత్తింది చూశాను. సంచి ఇస్తే పారిపోయిన తల్లిని నేనెక్కడా చూడలేదు. మా అమ్మ కూడా నన్నెత్తుకుని ఒకసారి అలాగే పరుగెత్తింది.” కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించాడు. “వాళ్లిక్కడ ఉండటం మంచిది కాదు. మా పడవలో చోటుంది. ఎక్కడికి వెళ్లాలో చెబితే మధ్యలో దింపేస్తాను. ఎక్కడికమ్మా?”

ఎక్కడికి. అదే ప్రశ్న. హేరోదు అడిగిందీ అదే, మర్యాదగానే అడిగాడు. తప్పిపోయిన బిడ్డ గురించి కన్నీళ్లు పెట్టుకోవడం నిన్న చూశాను, పారిపోయిన తల్లి గురించి కన్నీళ్లు ఇవాళ చూస్తున్నాను. ఏ కన్నీళ్లు నిజమైనవి? ట్యాబ్ పోయిందని పైవాళ్లకి చెప్పి, బదులుగా బిడ్డనే పట్టిస్తే వీడి ఉద్యోగం నిలబడుతుంది కదా? ఇలాంటి కథలతో తలుపులు తీయించినవాళ్లను నేను చూశాను.

“ఆలస్యంగా వచ్చావు నాయనా. పొద్దున్నే మొదటి పడవలో వెళ్లిపోయారు. ఎక్కడికో నాకూ చెప్పలేదు.”

వాడు తలూపాడు. వెళ్లబోతూ మెట్టు దగ్గర ఆగాడు. అక్కడ ముత్యా చెప్పులున్నాయి, నా అరచెయ్యంత లేవు. వాడు వంగి, రెండూ తీసి, తలుపు వెనక్కి లోపలగా పెట్టాడు.

“బయటుంటే ఎవరైనా చూస్తారమ్మా,” అన్నాడు. వెళ్లిపోయాడు.

వాడు మంచివాడై అలా చేశాడా? ‘నాకు తెలుసు, నా దగ్గర దాచకు’ అని చెప్పడానికి చేశాడా? రెండింటికీ ఒకే చెప్పులు, ఒకే వంగడం.

పొద్దు వాలుతూండగా కొండమీంచి కేకలు వినిపించాయి. టవర్ బాగైంది. ఒక్కసారిగా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఫోన్లు టింగుటింగుమన్నాయి. జనం రోడ్డు మీదకొచ్చి గంతులేశారు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టే ఉంది వాళ్లకి. నేను జాడీ మీద చెయ్యేసి గర్వంగా నిలబడ్డాను. మోగండి, మోగండి, మీకు కావలసింది మాత్రం ఉప్పులో ఊరుతోంది, అనుకున్నాను.

బెబాంగ్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “వదినా, చూడు చూడు! నిన్న తీసినవన్నీ పెట్టేశా. సంచులతో పిల్లల ఫొటోలు పెట్టి, ఫౌండేషన్ వాళ్ల పేరు జతచేస్తే ఇంకో సంచి వస్తుందని నిన్న మైకులో చెప్పారుగా! ఊళ్లో తల్లులందరూ పెట్టేస్తున్నారు!”

చూశాను. వరసగా పిల్లలు. అందరికన్నా ముందు ముత్యా, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, నేరుగా కళ్లలోకి చూస్తూ. ట్యాబ్ కూడా అంత బాగా తీసి ఉండదు.

“తీసెయ్యవే! ఇప్పుడే తీసెయ్!”

నా ముఖం చూసి దానికి నవ్వు ఆగిపోయింది. రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. బెబాంగ్ వెంటనే ఫొటో తీసేసింది. కాని అప్పటికే బెబాంగ్ మేనత్త దాన్ని తన పేజీకి తీసుకుంది, మేనత్త కూతురు తీసుకుంది, ఫౌండేషన్ వాళ్ల పేజీవాళ్లు తీసుకుని ఎర్రగుండె బొమ్మ పెట్టారు.

“నాకు ముందే చెప్పుంటే నేను...” అని ఏడ్చింది.

“నీకు చెప్పుంటే ఊరంతటికీ చెప్పినట్టే!” అన్నాను. ఆ మాట తప్పు కాదు. కాని అనకుండా ఉండాల్సింది, అది అప్పటికే చిన్నబోయి ఉంది. నిన్నటినుంచి దొంగని జెర్విన్ మెడలోనే వెతికాను. దొంగ ఊరందరి చేతుల్లోనూ ఉన్నాడు, నా దిండు కిందా ఉన్నాడు.

వెనకగదిలోకెళ్లేసరికి జోవెలిన్ చెప్పులేసుకుని నిలబడి ఉంది. గోడపక్క దాని బట్టలమూట. ఇన్నాళ్లూ ఆ మూటలోంచే బట్టలు తీసి వాడి, ఉతికి, మళ్లీ ఆ మూటలోనే కట్టేది. ఎన్నిసార్లు తిట్టానో, పెట్టెలో సర్దుకోవే అని. ఇప్పుడు ముడి బిగించింది, అంతే. సర్దుకోవడానికి ఇంకేం లేదు.

మా తమ్ముడు దాదోకి వెదురు రెక్కల పడవుంది. వెనక రేవునుంచి వెళ్తే, పెద్ద పడవలు కట్టే బల్లకట్టు మీదవాళ్లకి కనబడదు. ఎటు వెళ్లాలో వాడికి చెప్పాను. మీకు చెప్పను. మిమ్మల్ని అనుమానించి కాదు, అలవాటు పోక.

చిక్కల్లా సముద్రంతో వచ్చింది. ఈశాన్యపు గాలి కొడుతోంది, అలలు తలలెత్తుతున్నాయి. దాదో దగ్గర లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి, రెండూ పెద్దవాళ్లవి. ముత్యాకి తొడిగితే కింద నుంచి జారి బయటికొచ్చేసింది. తాడుతో కట్టి చూశాం. జోవెలిన్ బిడ్డని చూసింది, అలల్ని చూసింది. దానికి ఒక చెయ్యే సరిగా పనిచేస్తుంది.

“ఎవరినైనా అడుగుతాను,” అని బయల్దేరాను. ఎవర్ని అడుగుతాను? చిన్నపిల్ల జాకెట్ అడిగితే ఏ చిన్నపిల్లకని అడగరా? ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది.

బల్లకట్టు దగ్గర ఫౌండేషన్ పడవ కట్లు విప్పుతున్నారు. జెర్విన్ చివర్న కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్లో ఒక నారింజరంగు జాకెట్, చిన్నది, బిడ్డలకి వేసేది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“అమ్మా, ఇది మా పడవలో అదనంగా ఉంది. కావాలంటే తీసుకోండి.”

అలా చెయ్యి చాపి నిలబడ్డాడు. తీసుకుంటే ఏమిటి? బిడ్డ ఇంకా ఇక్కడే ఉందని, నీళ్ల మీదకే వెళ్తోందని నా చేత్తో నేనే చెప్పినట్టు. తీసుకోకపోతే? ఆ అలలు. చెయ్యి దానంతట అది లేవబోయింది. వెనక్కి లాక్కున్నాను.

“నాకెందుకు? పొద్దున్నే వెళ్లిపోయారని చెప్పానుగా.”

“చెప్పారు.” వాడు జాకెట్‌ని బల్లకట్టు కొసన, కర్రగుంజ పక్కన పెట్టాడు. “అయితే దీన్ని ఇక్కడ మరిచిపోయాననుకోండి. పండుగ ఇంకా అయిపోలేదు. తిరిగి అడగను.”

ఆ మాటంటూ నవ్వాడు, నవ్వులాంటిదేదో. పడవ ఎక్కాడు. మోటారు మోగింది. నేను తల తిప్పుకుని నిలబడ్డాను, జాకెట్ నాకేమీ కానట్టు. పడవ కొండమలుపు తిరిగేదాకా కదల్లేదు. తిరగ్గానే దాన్ని పైబట్ట కింద దాచి వెనక రేవుకి పరుగెత్తాను. ఈ వయసులో అలా పరుగెడతానని నాకే తెలీదు.

జోవెలిన్ జాకెట్ చూడగానే చేతులు చాపింది.

“ఆగు,” అన్నాను.

దాదో చేపల కత్తి తీసుకుని రాళ్ల చాటున కూర్చున్నాను. ఎవరో తెలియని వాళ్లిచ్చిన కానుక. ఈ రోజుల్లో గుండీ అంత వస్తువు చాలట, మనిషి ఎక్కడున్నాడో ఎక్కడో కూర్చున్నవాడికి చెప్పడానికి. కుట్లు తెంపాను. లోపలి గుడ్డ చీల్చాను. తెల్లటి స్పాంజి బయటికొచ్చింది, చేత్తో నలిపి నలిపి చూశాను. పట్టీల అతుకులు విప్పాను. మెడపట్టీ విప్పాను. దానికి వేలాడే ఈల కూడా విప్పి లోపల చూశాను.

“అక్కా, చీకటి పడుతోంది,” అన్నాడు దాదో.

దాదో దగ్గర వలలు కుట్టే దారం, సూది ఉన్నాయి. మళ్లీ కుట్టడం మొదలుపెట్టాను. స్పాంజి ముక్కలు పొదిగి, ఒకటికి రెండు వరసలుగా, వేలు గుచ్చుకున్నా ఆపకుండా కుట్టాను. జోవెలిన్ అంచులు దగ్గరపట్టి కూర్చుంది. చివరి దారం పళ్లతో తెంపి ముత్యాకి తొడిగాను. సరిగ్గా సరిపోయింది. వాడు కొలత చూసుకుని తెచ్చినట్టే ఉంది. నిన్న కోర్టులో ఆ కాసేపే చూశాడు దాన్ని.

దాదో ముత్యాని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. అది జాకెట్ మీది నా కుట్లని వేలితో తడుముకుంటోంది.

“నినాంగ్, కొత్తదాన్ని ఎందుకు చింపావు?”

“లోపల ఏముందో చూద్దామని.”

“ఏముంది?”

మోకాళ్లలోతు నీళ్లలో పడవ పట్టుకుని నిలబడ్డాను. ఉద్యోగం పోయి మనీలా వెళ్తున్నవాడి ముఖం గుర్తొచ్చింది. నేను వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

“ఏమీ లేదే తల్లీ,” అన్నాను. “ఏమీ లేదు.”

అని పడవ నెట్టాను. అప్పుడొచ్చిన ఏడుపు పడవ కనబడకుండా పోయినా ఆగలేదు.